ఆటోమేటిక్ గేరు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి దిగిన తెలుగు విద్యార్థి మొదటి సెమిస్టరు బస్సుల మీదా, రూమ్మేట్ల దయ మీదా గడిపి, రెండో సెమిస్టరులో పాత కారు కొంటాడు. అది చాలావరకు 2000కు అటూ ఇటూ పుట్టిన హోండా అకార్డో, టొయోటా కామ్రీయో అయి ఉంటుంది. మీటరు మీద లక్షన్నర మైళ్ళు దాటి ఉంటాయి. అమ్మేవాడు ఉద్యోగం వచ్చి ఊరు మారుతున్న సీనియరు. "బండి సూపర్ తమ్ముడూ, గేరు కొంచెం లేటుగా పడుద్ది, అంతే" అంటాడు. ఆ ఘట్టంలో కొనేవాణ్ణి ఉద్దేశించి చెప్పిన పద్యమిది. కవి పేరు తెలియదు. చేతులకు గ్రీజు అంటినవాడని మాత్రం అంతస్సాక్ష్యాన్ని బట్టి నిర్ణయించవచ్చు.

మూలం

తే. పెట్టి డీలోన గడియాగి పిదప దుముకు;
అరచునింజను, చక్రాల కడుగు పడదు;
ఎర్రనూనెయు నల్లనై యెసగు కంపు;
కొలతపుల్లయె గురువయ్య కొనెడివాడ!

ప్రతిపదార్థం

కొనెడివాడ = ఓ కొనుగోలుదారుడా; డీలోన = డ్రైవ్ అనే స్థానమందు; పెట్టి = గేరు కడ్డీని ఉంచగా; గడియాగి = కొంతసేపు ఊరకుండి; పిదప = ఆ తరువాత; దుముకు = ఒక్క కుదుపున ఉరుకును; ఇంజను = యంత్రము; అరచును = పెద్దగా రొద చేయును; చక్రాలకు = బండి చక్రములకు; అడుగు పడదు = ఆ జోరు అందదు; ఎర్రనూనెయు = ట్రాన్స్‌మిషన్ ఆయిలు సైతము; నల్లనై = రంగు చెడి; కంపు = మాడు వాసన; ఎసగు = అతిశయించును; కొలతపుల్లయె = డిప్‌స్టిక్కే; గురువయ్య = నీకు గురువు సుమా.

తాత్పర్యం

గేరు ఆలస్యంగా పడటం, ఇంజను తిరిగినంతగా బండి సాగకపోవడం, నూనె మాడటం అనేవి ఆటోమేటిక్ గేర్‌బాక్సు రోగానికి మూడు ప్రధాన లక్షణాలు. వీటిని అమ్మేవాణ్ణి అడిగి తెలుసుకోవద్దు, పుల్ల తీసి చూసి తెలుసుకో అని భావం.

విశేషాలు

1. పెట్టి, దుముకు. పెట్టినవాడు డ్రైవరు, దుమికినది బండి. క్త్వార్థకానికి కర్త ఒక్కడే ఉండాలి కదా, ఇది వ్యాకరణదోషం కాదా అని శంక. ఈ వయసు బండిలో ఎవరు ఎవరిని నడుపుతున్నారో తేలదు కనుక దోషం లేదని సమాధానం.

2. గడియాగి. గడియ అంటే 24 నిమిషాలు. ఇక్కడ ముఖ్యార్థం పొసగదు, రెండు మూడు సెకన్లని లక్ష్యార్థం. ఆరోగ్యంగా ఉన్న గేర్‌బాక్సు డీలో పెట్టగానే, సుమారు సెకనులోపు, చిన్న కదలికతో పట్టు తెలుపుతుంది. ఆలస్యమైతే లోపల నూనె ఒత్తిడి చాలడం లేదన్నమాట. నూనె తగ్గి ఉండవచ్చు, ఫిల్టరు పూడి ఉండవచ్చు, ఏళ్ళ వేడికి రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉండవచ్చు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఆలస్యమై వేడెక్కాక సర్దుకుంటే సీళ్ళను అనుమానించాలి. వేడెక్కాకే జారుడు మొదలైతే రోగం ముదిరినట్టు.

3. అరచునింజను. క్లచ్ పెడలే లేని బండిలో జారడానికి క్లచ్ ఎక్కడిదని శంక. కాలి కింద లేదు గాని గేర్‌బాక్సు లోపల పొరలు పొరలుగా ఉంది. ఒక్కో గేరుకు తగిన క్లచ్ పలకల కట్టను నూనె ఒత్తిడే బిగిస్తుంది. పలకల మీది రాపిడి పొర అరిగినా, ఒత్తిడి తగ్గినా పలకలు ఒకదానిమీద ఒకటి జారతాయి. టాకోమీటరు ముల్లు పైకి పోతుంది, స్పీడోమీటరు ముల్లు ఉన్నచోటే ఉంటుంది. ఇంజనుకూ గేర్లకూ నడుమ టార్క్ కన్వర్టరు ఉంది. అందులో ఇంజను వైపు రెక్కలు నూనెను విసిరితే, ఆ తాకిడికి గేర్ల వైపు రెక్కలు తిరుగుతాయి. సమవేగంలో జారుడు లేకుండా దాన్ని బిగించే లాకప్ క్లచ్ వేరే ఉంటుంది. గంటకు 40, 50 మైళ్ళ దగ్గర గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు బండి వణికితే ఆ క్లచ్‌ను గుర్తు చేసుకోవాలి.

4. ఎర్రనూనెయు. ఎరుపు సహజగుణం కాదు, కలిపిన రంగు. కారు కింద మరక పడితే అది ఇంజన్ ఆయిలు కాదని తెలియడానికి పనికివస్తుంది. 1970ల తొలినాళ్ళ దాకా అమెరికాలో ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలం కొవ్వునూనె కలిపేవారు. దానిమీద నిషేధం వచ్చాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కున్నాయి. నేటికీ అందరికీ ఒకే నూనె పనికిరాదు. ఆ కాలపు హోండాకు అప్పట్లో జెడ్1, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన డీడబ్ల్యూ1. ఆ కాలపు కొన్ని టొయోటాలకు టైప్ టీ-4. మాన్యువల్లో ఏది రాసి ఉంటే అదే పోయాలి.

రంగు ముదరడం ఒక్కటే మరణశాసనం కాదు, దానికి మాడు వాసన తోడైతేనే భయపడాలి. లేత గులాబీ రంగులో పాలలా కనిపిస్తే రేడియేటరులోని కూలెంటు నూనెలో కలిసిందని అర్థం. అక్కడ బేరం ఆపెయ్యడం శ్రేయస్కరం.

5. కొలతపుల్లయె. ఏవకారం అవధారణార్థకం. సీనియరు గురువు కాడు, ఫోనులో వీడియో పెట్టినవాడు గురువు కాడు, పుల్లే గురువు. గురువును దర్శించే విధి మాత్రం మతభేదాన్ని బట్టి మారుతుంది. టొయోటా మతంలో బండి వేడెక్కాక, కడ్డీని అన్ని స్థానాల్లోకీ తిప్పి పార్కులోకి తెచ్చి, ఇంజను నడుస్తుండగానే చూడాలి. హోండా మతంలో వేడెక్కాక ఇంజను ఆపి, ఒకటిన్నర నిమిషం దాటకముందే చూడాలి. ఒకరి విధిని మరొకరికి వర్తింపజేస్తే లేని లోటు కనిపిస్తుంది. ఆ లోటు పూడ్చబోయి ఎక్కువ పోస్తే నూనె నురగకట్టి కొత్త జబ్బు వస్తుంది. నిజంగానే తగ్గి ఉంటే ఎక్కడో కారుతున్నట్టే, ఎందుకంటే ఈ నూనె ఖర్చయ్యేది కాదు. పుల్లే లేని బండ్లూ ఉన్నాయి. వాటిని లిఫ్టు మీదికెత్తి మెకానిక్కు చూడాలి.

పాఠాంతరం

నాలుగో పాదంలో "కోడు రీడరె గురువయ్య" అని కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది. యతి చెల్లుతుంది. పూర్తిగా తోసిపుచ్చరాదు. 1996 మోడళ్ళ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ స్టీరింగు కింద ఓబీడీ2 సాకెట్టు ఉండి తీరాలి. అందులో రీడరు పెట్టినప్పుడు పీ0700 కనబడితే ట్రాన్స్‌మిషన్ కంప్యూటరుకు ఏదో ఫిర్యాదు ఉందని మాత్రమే అర్థం. ఫిర్యాదు ఏమిటో పక్క కోడు చెబుతుంది. పీ0730 అయితే గేరు నిష్పత్తి తప్పింది, పీ0740 అయితే లాకప్ క్లచ్ సర్క్యూటు, పీ0750 అయితే షిఫ్ట్ సోలనాయిడు. సోలనాయిడును చాలా బండ్లలో గేర్‌బాక్సు దించకుండానే మార్చవచ్చు. కోడు లేనంత మాత్రాన పరవశించకూడదు. అమ్మేవాడు నిన్నరాత్రే కోడు చెరిపేసి ఉంటే రీడరులో మానిటర్లు (కారు తనకు తాను చేసుకునే పరీక్షలు) "సిద్ధంగా లేవు" అని చూపిస్తాయి.

శంకా సమాధానాలు

శంక: పాత నూనె మారిస్తే గేర్‌బాక్సు చస్తుందంటారు కదా?

సమాధానం: జారుడు మొదలయ్యాక గాని చాలామంది నూనె మార్చరు. అప్పటికే పలకలు అరిగి ఉంటాయి. చావుకు ముందు వచ్చిన వైద్యుడే చంపాడన్నట్టుంది ఈ వాదం. పాత బండికి యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించకుండా, డ్రెయిన్ బోల్టు విప్పి దించి కొత్తది పోయడం మేలు. ఒకసారికి సగమైనా దిగదు, మిగతాది కన్వర్టరులోనే ఉంటుంది. అందుకే కొన్నాళ్ళు నడిపి మళ్ళీ మార్చాలి. బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటడం సహజం, లోహపు పెచ్చులు అంటితే అశుభం.

శంక: ప్రతి కుదుపుకూ గేర్‌బాక్సే కారణమా?

సమాధానం: కాదు. స్పార్క్ ప్లగ్ తప్పినా బండి వణుకుతుంది. ఇంజన్ మౌంటు విరిగినా డీలో పెట్టగానే ఠంగుమంటుంది. కడ్డీ పార్కు నుంచి కదలకపోతే ముందు బ్రేకు లైటు వెలుగుతోందా చూడాలి. ఆ స్విచ్చో ఫ్యూజో పోతే కడ్డీ తాళం విడదు. చవక కారణాలన్నీ తీరాకే ఖరీదైన కారణాన్ని అంగీకరించాలని న్యాయం.

శంక: పేరున్న కంపెనీ బండికి ఈ భయాలెందుకు?

సమాధానం: 2004లో హోండా అమెరికాలో సుమారు 11 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. 2003, 2004 అకార్డ్ వీ6, 2002–2004 ఒడిస్సీ అందులోవి. రెండో గేరు వేడెక్కి విరిగి గేర్‌బాక్సు బిగుసుకుపోయే ప్రమాదం ఉండటమే కారణం. తక్కువ మైళ్ళు నడిచినవాటికి గేరు మీద నూనె చిమ్మే ఏర్పాటు బిగించారు. మిగతావాటి గేర్లు పరీక్షించి, రంగు మారి ఉంటే గేర్‌బాక్సే మార్చారు. కనుక పేరు చూసి కాదు, బండి గుర్తింపు (విన్) నంబరు కొట్టి రీకాల్ చరిత్ర చూసి కొనాలి.

ఛందస్సు

తేటగీతి. దీనికి ప్రాసనియమం లేదు. అమ్మేవాడికి ఏ నియమమూ లేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని అర్థసహితంగా చదివినవాడు బండిని పొద్దున్నే చల్లటి ఇంజనుతో స్టార్ట్ చేయించి, డీలోనూ రివర్సులోనూ పెట్టి చూసి, హైవే మీద ఇరవై నిమిషాలైనా నడిపి, వేడి మీద పుల్ల తీసి వాసన చూస్తాడు. మూడు లక్షణాల్లో రెండు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా లేచివస్తాడు, ఎందుకంటే గేర్‌బాక్సు బాగుచేయించే ఖర్చు చాలాసార్లు కారు ధరను మించుతుంది. మీరు వెళ్ళేసరికే ఇంజను వెచ్చగా ఉంటే ఆ పూట బేరం ఆడవద్దు. చల్లారాక మళ్ళీ వెళ్ళండి.