ఉత్త డబ్బా ఇయ్యం అన్నా!

ప్లేస్టేషన్ కొనాలనుకునే సంసారికి ముందుగా కావలసింది డబ్బు కాదు, ఇంట్లో చెప్పడానికో సాకు. డబ్బుదేముంది, ఈఎంఐలో దొరుకుతుంది. సాకును ఏ బ్యాంకూ వాయిదాల మీద ఇవ్వదు. సోనీ వాళ్లు చాలాకాలం ఆ సాకును కూడా పెట్టెలోనే పెట్టి ఇచ్చారు పాపం. ప్లేస్టేషన్ 2లో డీవీడీ సినిమాలు పడేవి. 3లో బ్లూ-రే కూడా పడేది. "గేముల కోసం కాదు, సినిమాలు చూసుకోవడానికి తెచ్చా" అంటే ఇంటావిడ నమ్మినా నమ్మకపోయినా వాదన నిలబడేది. ఇప్పుడు సినిమాలన్నీ టీవీలోకే నేరుగా వచ్చి పడుతుంటే ఆ ముక్క ఎవరికి చెబుతాం? మిగిలింది పిల్లల సాకొక్కటే. "బుజ్జిగాడి కోసం" తెచ్చిన కన్సోల్ ముందు అర్ధరాత్రి దాకా కూర్చునేది ఎవరో ప్రతి ఇల్లాలికీ తెలుసు. మా బుజ్జిగాడికి అప్పటికింకా పాలపళ్లు కూడా ఊడలేదని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు గుర్తు చేస్తుంటుంది.

మా నాన్నగారి హయాంలో ఈ సాకులు కూడా పనిచేసేవి కావు. ఆయనకు ఒకటే సిద్ధాంతం: "వీడియో గేమ్ పెడితే పిక్చర్ ట్యూబ్ పోతుందిరా." పోయిన పిక్చర్ ట్యూబ్‌ని మా వీధిలో ఎవరూ చూడలేదు. అయినా ఆ భయం ప్రతి ఇంట్లోనూ ఉండేది. వేసవి సెలవుల్లో ఆయన ఆఫీసుకెళ్లగానే టీవీ వెనక వైరు గుచ్చి, ఛానెల్ తిప్పి తిప్పి బొమ్మ పట్టుకునేవాళ్లం. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. లోపల ఉన్నవి మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే ఆట, ఇంకో గుప్పెడు. కిందికి వెళ్లేకొద్దీ మళ్లీ అదే మారియో, ఇంకో పేరుతో. జపాన్‌లో 1983లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకలు మా మెషీన్. ఆ మాట మాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. తెలిసినా చేసేదేమీ లేదు. అదే నింటెండో వాళ్లు 2017లో విడుదల చేసిన స్విచ్ కూడా మన దేశానికి కంపెనీ తరఫున రాలేదు. కావాలంటే సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో వచ్చే చుట్టాన్ని బతిమాలుకోవాలి, లేదా దిగుమతి సరుకు అమ్మే కొట్టుకి వెళ్లి వారంటీ సంగతి ఎత్తకుండా కొనుక్కోవాలి.

నాకున్న గట్టి అభిప్రాయాల్లో మొదటిది: విడుదలైన రోజున కన్సోల్ కొనకూడదు. ప్లేస్టేషన్ 5 అమెరికా, జపాన్‌లలో 2020 నవంబర్‌లోనే వచ్చేసింది. మనకు 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, 49,990 రూపాయలకి. ముందస్తు బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే అయిపోయింది. ఆ తర్వాత నగరంలో ఒక కొట్టుకి వెళ్తే కౌంటర్ మీది కుర్రాడు తల కూడా ఎత్తకుండా అన్నాడు:

"అన్నా, ఉత్త డబ్బా ఇయ్యం. కాంబో తీస్కోవాలె."

"కాంబోలో ఏమున్నాయి బాబూ?"

"కెమెరా, రిమోట్, ఛార్జింగ్ స్టాండ్, రెండు గేములు. గేములు మేమే సెలెక్ట్ చేస్తం."

"నాకు ఆ కెమెరా దేనికి?"

"గదైతే నాకూ తెల్వదన్నా."

అంత నిజాయితీగా వ్యాపారం చేసేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. కొనకుండానే బయటికొచ్చాను గాని, కుర్రాడి మీద గౌరవం మాత్రం పోలేదు. నాకు అర్థం కాని ఆర్థికశాస్త్రం వాడికి అర్థమైంది. డబ్బాలో లాభం లేదు. సోనీ స్వయంగా ప్లేస్టేషన్ 5ని మొదట్లో నష్టానికే అమ్మింది. డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్ మీద ఆ నష్టం ఆగిందని 2021 ఆగస్టులో గాని చెప్పలేదు. ఆ లోటంతా పూడ్చేది మనం తర్వాత కొనే గేములూ, కంట్రోలర్లూ, నెలనెలా కట్టే చందాలూ.

గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చుకుని సంసారంలో పడ్డ సన్యాసి కథ మనకు కొత్తది కాదు. కొన్నాళ్లకు మా ఇంటికీ కన్సోల్ వచ్చింది. పాత టీవీలో దీని అందం తెలియదన్నారు, 4కే టీవీ వచ్చింది. టీవీ సౌండు చాలదన్నారు, సౌండ్‌బార్ వచ్చింది. సౌండుకి పక్కింటివాళ్లు తలుపు కొట్టారు, హెడ్‌సెట్ వచ్చింది. ఇక డబ్బా సంగతి: మొదట వచ్చిన డిస్క్ మోడల్ 39 సెంటీమీటర్ల ఎత్తు, నాలుగున్నర కిలోల బరువు. టీవీ స్టాండులో ఏ అరలోనూ పట్టదు. అమ్మ దాన్ని గాలి శుభ్రం చేసే యంత్రం అనుకుంది. దుమ్ము పడుతోందని పాత చీరతో ఓ కవరు కూడా కుట్టింది. వేడి బయటికి పోయే దారులన్నీ జరీ అంచుతో మూసుకుపోయాయి. ఫ్రిజ్‌కీ మిక్సీకీ వేసినట్టు దీనికి వేయకూడదమ్మా అంటే, "అంత ఖరీదు పెట్టి కొన్నావు, ఆ మాత్రం చూసుకోవద్దట్రా?" అంది. కవరు ఇప్పటికీ ఉంది. ఆడేటప్పుడు తీస్తాం.

ఇక కంట్రోలర్. ఈ విషయంలో నా కోపం న్యాయమైనది, అందుకే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ప్లేస్టేషన్ 5 కొత్తలో విడి కంట్రోలర్ ఒక్కటీ 5,990 రూపాయలు. కొన్నాళ్లు వాడాక ఫుట్‌బాల్ ఆటలో మన ఆటగాడు, మనం వేలు పెట్టకుండానే, ఎడమకి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. బంతి ఒక దిక్కు, వీడొక దిక్కు. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. బొటనవేలితో తిప్పే ఆ పుల్ల అడుగున చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి. కార్బన్ పూత మీద ఒక రేకు రాసుకుంటూ తిరుగుతుంది, పుల్ల ఎటు వంగిందో దాన్నిబట్టే లెక్క. రాసుకునేది అరగక మానదు. మా సందు చివర మొబైల్ రిపేర్ చేసే ఆయన పాత సిమ్ కార్డు ముక్కతో కంట్రోలర్ అంచులు లేపి, లోపల స్ప్రే కొట్టి, దూదిపుల్లతో తుడిచి నాకు చూపించాడు. దూది కొసన కాటుకలాంటి మసి. "ఇదేనండీ మీ ఎడమ వైపు" అన్నాడు.

దీనికి విరుగుడు లేదా అంటే ఉంది. రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లు పెడితే ఈ జబ్బు దాదాపు రాదు. అదేమన్నా కొత్త విద్యా? 1998లో జపాన్‌లో విడుదలైన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది. సోనీ మాత్రం అరిగిపోయిన పుల్లను పీకి కొత్తది పెట్టుకునే వీలున్న కంట్రోలర్‌ని విడిగా తెచ్చింది. మన దగ్గర అది వచ్చినప్పుడు దాని ధర 18,990. జబ్బు ఉచితం, మందుకి డబ్బు. సంక్రాంతికి వచ్చిన బామ్మర్దికి డ్రిఫ్ట్ ఉన్న కంట్రోలర్ ఇవ్వడం తప్ప మధ్యతరగతివాడి చేతిలో వేరే ఆయుధం లేదు. "బావా, నా వాడు ఎందుకో పక్కకి పోతున్నాడు" అంటాడు. "ప్రాక్టీసు చాల్లేదోయ్" అంటాను.

గేముల దగ్గర మోసం ఇంకా మర్యాదగా ఉంటుంది. 'ద లాస్ట్ ఆఫ్ అస్' 2013లో ప్లేస్టేషన్ 3కి వచ్చింది. మరుసటి ఏడాదే నునుపు చేసి 4కి వదిలారు. 2022లో మళ్లీ చెక్కి 5కి వదిలారు. కథ అదే, చచ్చేవాళ్లూ వాళ్లే. జీటీఏ 5 కూడా మూడు తరాల మెషీన్ల మీద మూడుసార్లు అమ్ముడుపోయింది. పెళ్లి ఆల్బమ్‌ని అట్ట మార్చి మూడుసార్లు అమ్మే ఫొటోగ్రాఫర్‌ని ఎవరైనా ఊరుకుంటారా?

డౌన్‌లోడ్ చేసుకునే గేములు చౌక పండగల్లో బాగానే దిగొస్తాయి, కాదనను. కానీ డబ్బు కట్టినంత మాత్రాన అది మనదైపోదు, వాడుకునే అనుమతి మాత్రమే మనది. యూబీసాఫ్ట్ వాళ్లు 'ద క్రూ' అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. ఇంటర్నెట్ లేకుండా నడవని ఆట కనుక డిస్కు ఉన్నవాళ్లకూ డిస్కు మాత్రమే మిగిలింది. అదే ఏడాది సోనీ 'కాంకర్డ్' అనే గేముని ఆగస్టు 23న విడుదల చేసి సెప్టెంబర్ 6న మూసేసింది. డబ్బు వెనక్కిచ్చారు, అది వాళ్ల మంచితనం. మన ఆషాఢం సేల్ కూడా అంతకంటే ఎక్కువ రోజులుంటుంది.

అందుకే డిస్కు. ఒంటరిగా ఆడుకునే ఆట, డిస్కు మీద. ఆడాక అమ్మొచ్చు, అరువివ్వొచ్చు, అరువిచ్చినవాడితో మాట్లాడటం మానేయొచ్చు. 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో ఆ డిస్క్ డ్రైవే పీకేశారు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఆ మెషీన్ విడుదలప్పుడు మన దేశానికి రాలేదు. అందులోని వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు ఇక్కడ అప్పటికి అనుమతి లేకపోవడం కారణం. టెలికాం శాఖ తెలియక చేసిన ఈ ఉపకారానికి నా పర్సు తరఫున ధన్యవాదాలు.

స్టీరింగు, గేమింగ్ కుర్చీ, రంగురంగుల లైట్లు — వీటి మీద ఎక్కువ మాటలు దండగ. స్టీరింగ్ బిగిస్తే డైనింగ్ టేబుల్ మలుపు తిరుగుతుంది, కారు తిరగదు. కుర్చీ మీద ఉతికిన బట్టలు ఆరేస్తారు. లైట్లు బతుకమ్మకీ దీపావళికీ పనికొస్తాయి.

కొత్త కన్సోల్ ఏదొచ్చినా రెండేళ్లు ఆగండి. ఈలోగా తొందరపడి కొన్నవాడు పెళ్లయో, పిల్ల పుట్టో, విదేశం వెళ్తూనో అమ్మకానికి పెడతాడు. డిస్క్ డ్రైవ్ ఉన్నదే అడగండి. రెండు కంట్రోలర్లూ చేతిలోకి తీసుకుని, ఏదో ఒక ఆట పెట్టి, వేళ్లు తీసేసి నిమిషం సేపు చూడండి. బొమ్మ నిలబడితేనే డబ్బివ్వండి. నా దగ్గర స్పైడర్-మ్యాన్ 2 డిస్కు ఉంది, ఒక్క గీత లేదు. మీలో ఎవరి దగ్గరైనా గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్ ఉంటే చెప్పండి, మార్చుకుందాం. కాంబోలు మాత్రం వద్దు.