నౌకరికి ముందే కోటు పరేషాన్!

పైలట్ ఇంటర్వ్యూకు ఏం తొడుక్కపోవాల్నో నెల దినాల సంది ఆలోచిస్తున్నవట గదా బిడ్డా! కోటు నల్లదా, నీలిదా? టై గీతలదా, సాదాదా? మా రోజుల్ల ఏ ఇంటర్వ్యూకైనా ఒకటే ప్రశ్న: ఉన్న రెండంగీల్ల ఏది ఉతికున్నది? మూడోది ఉంటే గదా ఆలోచన!

అప్పుడు గుడ్డంటే మన ఆజంజాహి మిల్లు గుడ్డే. 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లు. ఆ గుడ్డ తీస్కపోయి దర్జీకిస్తే కొలతలు తీసుకొని "పండుగకిస్త" అనేటోడు. ఏ పండుగో చెప్పకపోయేది. దసరాకని ఇస్తే సంక్రాంతికి చేతికొచ్చేది, ఆలోపు మనం ఇంకింత పెరిగేది. అందుకే ముందుగాలనే లోపల మడత పెట్టి కుట్టేటోడు. గిప్పుడు ఫోన్ల వేలు పెడితే సూటు గడపల ఉంటది. కుట్టినోడు నీ మొఖం చూడలే, నీ భుజాలు చూడలే. ఎండకాలం వరంగల్‌ల ఆ కోటు తొడుక్కుంటే కాజీపేట స్టేషన్ చేరేలోపే నువ్వు ఉడుకుతవు.

విమానాల ముచ్చట ముసలోనికేం తెలుసనకు. 1930ల నిజాం కట్టించిన మామునూరు ఎయిర్‌పోర్టు మన పక్కనే. మోటరు చప్పుడు వినవడితే బడి ఇడిసిపెట్టి ఉరికేది. 1981 దాకా నడిచింది, తర్వాత గడ్డి మొలిచింది. 2025 ఫిబ్రవరిల కేంద్రం మళ్ళ పర్మిషన్ ఇచ్చింది. కొత్తది కడితే అద్దాలు, ఏసీలు, వంద రూపాయల చాయ్! గడ్డి ఉన్నప్పుడే నయముండె, బర్లన్నా మేసేటియి. నిజం చెప్పాల్నంటే నేనెక్కిన విమానం జాతరల రంగులరాట్నం మీదిదే అనుకో.

ప్రేమ్ మాథుర్ పేరు విన్నవా? ఎక్కడ వింటవ్, నీకు రీల్సు చాలు. ఆడపిల్లకు విమానమేందని వేరే కంపెనీలోళ్ళు కాదంటే, మన హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేసే ఆమెకు పైలట్ నౌకరి ఇచ్చింది. 1949ల ఆమె నేషనల్ ఎయిర్ రేస్ గెలిచింది. ఇంటర్వ్యూకు ఏ రంగు కట్టుకపోయిందని ఎవరన్న అడుగుతున్నరా?

గిప్పుడంతా సోకే. 2023 డిసెంబర్‌ల ఎయిరిండియా పైలట్లకు మనీష్ మల్హోత్రా గీసిన నల్ల డబుల్ బ్రెస్టెడ్ సూట్లు తెచ్చిన్రు. సినిమా హీరోలకు కుట్టేటాయన! మన ఆర్టీసీ డ్రైవరు ఖాకీ అంగీ మీదనే మేడారం జాతరకు జనాన్ని మోస్తడు. ఆయనను కోటేదని అడిగినోడు లేడు.

సరే, అడిగినవు గనక చెప్త. ముదురు రంగు సాదా సూటు, తెల్ల అంగీ, పాలిష్ చేసిన నల్ల బూట్లు. అంతే. నీ దోస్తు లెక్క భుజాలకు చారలు పెట్టుకొని మాత్రం పోకు. మూడు చారలు ఫస్ట్ ఆఫీసరుకు, నాలుగు కెప్టెనుకు, అవి వాళ్ళియ్యాలె. కోటు సంగతి తర్వాత, లైసెన్సు, మెడికల్, లాగ్‌బుక్కు ఫైల్ల పెట్టుకున్నవా ముందు చూసుకో. టై ముడి నాకు రాదు, మీ నాయనకు రాదు. అదొక్కటి ఆ దిక్కుమాలిన ఫోన్లనే చూసి నేర్చుకో.