చెమటకూ టికెట్టే!

ఫిన్లాండ్‌లో చలికి వణికే జనం 80 డిగ్రీల సానా గదిలో ఒళ్లు కాచుకుంటారు. ఆ ఆచారాన్ని 2020లో యునెస్కో కూడా గుర్తించింది. వాళ్ల చలిలో దానికో అర్థముంది. మే నెల బెజవాడలో మనకేమొచ్చింది? ఏసీ ఇంట్లోంచి ఏసీ కారెక్కి, ఏసీ స్పాలో దిగి, చెక్కగదిలో చెమట పట్టించుకోవడానికి డబ్బు కట్టడం! ఒంట్లోని విషాలన్నీ చెమటతో పోతాయట. మరి లివరు, కిడ్నీలు ఉన్నది అలంకారానికా? పండగనాడు అమ్మ నువ్వులనూనె మర్దించి సున్నిపిండితో నలుగు పెడతానంటే పరుగందుకున్నవాళ్లే, స్పావాళ్లు సువాసన కొవ్వొత్తి వెలిగించి, అదే మర్దనకు వేలల్లో బిల్లేస్తే కిక్కురుమనకుండా బోర్లా పడుకుంటున్నారు. అమ్మా, నువ్వూ ఓ రేటుకార్డు అచ్చు వేయించు. అపాయింట్‌మెంట్ లేనిదే నూనెగిన్నె ముట్టకు!