ఎంత తింటుంది? ఏం తింటుంది?

నన్ను చూడాలంటే మెట్లు దిగి రావాలి. ఓడ వెనక భాగంలో, సిబ్బంది గదులకు అడుగున, మూడంతస్తుల ఎత్తున నిలబడి ఉంటాను. ఆరు సిలిండర్లు. ఒక్కోదాని వ్యాసం 60 సెంటీమీటర్లు, పిస్టన్ పైనుంచి కిందికి దిగే దూరం 240. ఆరడుగుల మనిషిని లోపల నిలబెడితే తలపైన ఇంకా రెండు జానల చోటు మిగులుతుంది. బరువు 300 టన్నుల పైమాట, బలం సుమారు 18,000 అశ్వశక్తి. ఇంతా చేసి నేను తిరిగేది నిమిషానికి 105 చుట్లే.

నాకు గేర్లు లేవు. నేను ఒక చుట్టు తిరిగితే ఇరుసు చివరి ప్రొపెల్లరూ ఒక చుట్టే తిరుగుతుంది. ఓడ వెనక్కి నడవాలంటే నేను పూర్తిగా ఆగి, 30 బార్ల ఒత్తిడితో గాలి మింగి, ఎదురు దిక్కుకు తిరగడం మొదలుపెట్టాలి. రేవులో పైలట్ ఎక్కి ముందుకు, ఆపు, వెనక్కి, మళ్లీ ఆపు అంటూ ఆడిస్తుంటే నాకు ఎక్కడలేని విసుగూ వస్తుంది.

నేను పుట్టింది 2006లో, దక్షిణ కొరియాలోని చాంగ్‌వన్‌లో. ఒంటి మీది పలకపై మాత్రం మాన్ బీ అండ్ డబ్ల్యూ అని ఉంటుంది. దేవకి కన్నది, యశోద పెంచింది అన్న కథ మీకు తెలిసిందే. నా విషయంలో ఆ ఇద్దరికీ ముందు ఇంకో మనిషి ఉన్నాడు, నన్ను కాగితం మీద గీసినవాడు. అతను కోపెన్‌హేగన్‌లో ఉంటాడు. నాలాంటి పెద్ద ఇంజిన్లను అమ్మకానికి అక్కడ పోతపోయరు. బొమ్మ గీసి, హక్కు అద్దెకిచ్చి, ఇంజినుకింత అని రాయల్టీ తీసుకుంటారు. పోతపోసేదీ బిగించేదీ కొరియా, చైనా, జపాన్ కార్ఖానాలు. కొనేది ఓడలు కట్టే యార్డు. నూనె పోసి పోషించేది ఇంకెవరో. నేను చెడితే ఎవరి తప్పో తేల్చడానికి ఈ నలుగురూ రాసుకునే ఉత్తరాలు చదివితే, నన్ను కన్నవాడెవరో నాకే అనుమానం వస్తుంది.

గీసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ముగ్గురే అనుకోండి. మా కోపెన్‌హేగన్ వాళ్లది పెద్ద వాటా. బర్మైస్టర్ అండ్ వైన్‌గా ఉన్న ఆ సంస్థను 1980లో జర్మనీ మాన్ కొన్నది. 2025లో పేరు ఎవర్‌లెన్స్‌గా మారింది. రెండో ఇల్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్. ఒకప్పటి సుల్జర్ వంశం, ఇప్పుడు విన్‌జీడీ. 2016 నుంచి అది పూర్తిగా చైనా ప్రభుత్వ ఓడల సంస్థ సొంతం. మూడోది జపాన్‌లో, ఒకప్పటి మిత్సుబిషి యూఈ శాఖ. ఇంత పెద్ద వ్యాపారంలో మూడే ఇళ్లు! సంబంధం ఎక్కడ కలుపుకున్నా చుట్టరికమే.

నేను పుట్టిన రోజుల్లో మాకున్న గిరాకీ చెప్పనలవి కాదు. చైనా ఇనుప ఖనిజం, బొగ్గు ఎంత దొరికితే అంత కొంటోంది. ఓడలు చాలక యార్డుల ముందు వరస, ఇంజిన్లు చాలక మా కార్ఖానా ముందు వరస. టెస్ట్ బెడ్ మీద నన్ను నీటి బ్రేకుకు కట్టి నడిపిన రోజున ఓడ యజమాని తరఫు పెద్దమనిషి ఒకే ప్రశ్న అడిగాడు: "ఎంత తింటుంది?" కిలోవాట్ గంటకు సుమారు 170 గ్రాములన్నారు. తల ఊపి సంతకం పెట్టాడు. ఏం తింటుందని మాత్రం అడగలేదు. అడగాల్సిన అవసరమే లేదప్పుడు.

మేం తినేది శుద్ధి కర్మాగారంలో పెట్రోలు, డీజిలు తీశాక అడుగున మిగిలే మడ్డి. చల్లగా ఉంటే తారులా కదలదు. దాన్ని వడగట్టి, తిప్పి, 130 డిగ్రీల దాకా కాచి నా నోట్లో పోస్తారు. అందులోని గంధకం కాలి ఆమ్లమై లైనర్లను తినేయకుండా సిలిండర్ గోడలకు క్షార గుణం ఉన్న నూనె పూస్తారు. మా తాతలింత మొరటు తిండి తినలేదు. 1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజినొకటి వేరుశనగ నూనెతో నడిచింది! 1912లో సెలాండియా అనే ఓడ కోపెన్‌హేగన్ నుంచి బ్యాంకాక్‌కు డీజిల్ ఇంజిన్లతో వెళ్లొచ్చాక ఆవిరి ఓడల రోజులు దగ్గరపడ్డాయి. ఆ మరుసటేడే రుడోల్ఫ్ డీజిల్ ఇంగ్లండ్ వెళ్తున్న ఓడ మీదనుంచి రాత్రికి రాత్రి మాయమయ్యాడు. శవం సముద్రంలో దొరికింది. ఎందుకో ఇప్పటికీ తేలలేదు. అతనెక్కింది ఆవిరి ఓడ అని గుర్తుచేసుకుని మా వాళ్లు కొంచెం ఊరట పడతారు.

2008 మేలో బల్క్ ఓడల అద్దెల సూచీ 11,793. డిసెంబరుకల్లా 663. నేను నడిపే ఓడ కూడా పని లేక లంగరు వేసుకుని కూర్చుంది. మళ్లీ కదిలేసరికి పద్ధతే మారింది: మెల్లగా నడపండి. ఓడ వేగం ఐదో వంతు తగ్గిస్తే కావాల్సిన శక్తి సగానికి పడిపోతుంది. నూనె ఖర్చు మిగిలింది, సరే. కానీ నిండు బలానికి చేసిన నన్ను సగం బలంతో నెలల తరబడి నడిపితే మసి పేరుకుంటుంది, పిస్టన్ రింగులు బిగుసుకుంటాయి. దాని ఫలితం గంగవరం రేవులో బయటపడింది.

ఆస్ట్రేలియాలోని హే పాయింట్ నుంచి విశాఖ ఉక్కుకు కోకింగ్ బొగ్గు తెచ్చాం. పైన బొగ్గు దించుతుంటే కింద నా సిలిండర్లకు గాలి అందించే స్కావెంజ్ గది తలుపు తెరిచారు. మా ఓడలో ఐదో ఇంజినీరును పాంచ్ సాబ్ అంటారు. ఆ కుర్రాడిది గాజువాక. ఇల్లు పోర్టు గేటు నుంచి ఆటోలో పోయేంత దూరం. అతను మాత్రం చెమటా మసీ కారుతూ నా కడుపులో దూరి, టార్చి పట్టుకుని, సిలిండర్ గోడలోని గాలి రంధ్రాల్లోంచి చెక్కపుల్లతో ఒక్కో రింగునూ నొక్కి చూస్తున్నాడు. నొక్కితే లోపలికెళ్లి తిరిగి రావాలి.

"ఏమయ్యా, కదులుతోందా?" బయటినుంచి కాకినాడ థర్డ్ ఇంజినీరు.

"మిగతావి బాగానే ఉన్నాయి సార్. నాలుగో యూనిట్లో రెండోది రావట్లేదు."

"గట్టిగా నొక్కి చూడు."

"నొక్కా సార్. రాయిలా ఉంది."

"సరే, బయటికి రా. ఆ మొహంతో ఇంటికెళ్తే మీ అమ్మ గుర్తుపట్టదు."

2020లో గంధకానికి కట్టడి వచ్చింది, 3.5 శాతం నుంచి 0.5కు. మడ్డి మారింది. 2023లో నాకు తాళం వేశారు. కర్బనం లెక్క కుదరడానికి నా ఇంధన దండం ఒక గీత దాటకుండా అడ్డు బిగించి సీలు వేశారు. ఆపదలో తీయొచ్చట, తీస్తే కాగితం రాయాలట. 18,000 గుర్రాలని పేరు, సగం లాయంలోనే.

ఇప్పుడు పుట్టే వాటిలో చాలావాటికి రెండు నోళ్లు. ఒకదాంతో మామూలు నూనె, ఇంకోదాంతో గ్యాసో మిథనాలో. 2023లో లారా మెర్స్క్ అనే కంటైనర్ ఓడ ఉల్సాన్ నుంచి మిథనాల్‌తో కోపెన్‌హేగన్ దాకా వెళ్తే లోకమంతా చప్పట్లు కొట్టింది. మరుసటేడే అదే మెర్స్క్ సహజవాయువుతోనూ నడిచే ఓడలు కొంటానంది. వాళ్లనీ అనలేం. మిథనాల్‌లో బరువుకు శక్తి మా నూనెలో సగమే, ట్యాంకులు రెండింతలకు పైగా కావాలి. ద్రవ సహజవాయువును మైనస్ 162 డిగ్రీల దగ్గర ఉంచాలి. కాలకుండా జారిపోయే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడెక్కిస్తుంది. అమ్మోనియాలో కర్బనమే లేదు, కాని లీకైతే ఇంజిన్ రూములో మనిషి ప్రాణానికే ముప్పు. ఈ రోజు కొన్న ఇంజిన్ పాతికేళ్లు నడవాలి. ఏ రేవులో ఏది దొరుకుతుందో, దాని మీద పన్నెంతో తెలియాలి కదా? ఆ పన్ను సంగతి తేల్చాల్సిన అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2025 అక్టోబరులో ఓటింగును ఏడాది వాయిదా వేసింది. అందుకే ఇప్పుడు బేరాల్లో ప్రశ్న మారింది: "ఏం తింటుంది?" జవాబు చెప్పేవాళ్లందరూ "అన్నీ" అంటారు. అన్నీ తినేదానికి ధరా ఎక్కువే.

నా సంగతికొస్తే, ఇరవై ఏళ్ల ఓడ దాటాల్సిన పెద్ద సర్వే దగ్గరపడింది. దాని ఖర్చు కంటే అలాంగ్ తుక్కు ధర మేలనుకుంటే గుజరాత్ తీరానికి తోలేస్తారు. ఆ మాట కంట్రోల్ రూములో చాయ్ తాగుతూ చాలాసార్లు అన్నారు. మొన్న మాత్రం ఓడ కంపెనీ సూపరింటెండెంట్ నాలుగో యూనిట్ లైనర్‌కు కొటేషన్లు అడిగాడు, ఒకటి అసలు కంపెనీది, ఇంకోటి బయటి తయారీది. తుక్కుకు పంపే ఓడకు ఎవరూ కొత్త లైనర్ కొనరు. రెంటికీ తేడా చాలానే ఉందట, చీఫ్ ఇంజినీరు ఇంకా జవాబు రాయలేదు.