దారికి కాపలా, దుకాణానికి కాదు

నేను బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ఎడమ పక్కన కనిపించే తాళం కప్పను. ఇనుముతో కాదు, నాలుగు గీతలతో చేశారు నన్ను. అయినా నన్ను చూసి ధైర్యం తెచ్చుకుని కార్డు నంబరు కొట్టిన వాళ్లు కోట్లలో ఉంటారు. ఆ నమ్మకం నాకు చాలా విలువైనది. అందుకే నా పని ఏమిటో, అది ఎక్కడ ఆగిపోతుందో నేనే చెప్పాలి.

1990ల నడుమ అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీ, సమాచారాన్ని గుట్టుగా పంపే ఎస్ఎస్ఎల్ పద్ధతిని తయారుచేసింది. ఆ కంపెనీ తొలి బ్రౌజర్లలో నా బదులు తాళంచెవి బొమ్మ ఉండేది. భద్రత లేని పేజీలో ఆ చెవి విరిగి కనిపించేది. తర్వాత ఆ చోటు నాకు దక్కింది. మొదట్లో తెర అడుగున ఉండేదాన్ని, కొన్నాళ్లకు పైకి, అడ్రస్ పక్కకు వచ్చాను. పని మాత్రం మారలేదు. మీ ఫోనుకీ అవతలి కంప్యూటరుకీ నడుమ సాగే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా చూస్తాను. రైల్వే స్టేషన్ వైఫైలో మీరు కొట్టిన పాస్‌వర్డు పక్కవాడి చేతిలో పడకపోవడం నా చలవే.

అవతల కూర్చున్నది ఎవరో మాత్రం నాకు తెలియదు. ఫలానా డొమైన్ వాడి చేతిలో ఉందని సర్టిఫికెట్ చెబుతుంది, నేను కనిపిస్తాను. వాడి దగ్గర సరుకు ఉందా, వాడు పంపుతాడా అన్నది ఎవరూ పరీక్షించరు.

ఒకప్పుడు సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టాల్సి వచ్చేది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వాటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంతో మంచి పని అది. చిన్న పత్రికలకూ, చిన్న బళ్లకూ నేను అందుబాటులోకి వచ్చాను. 2018 జూలై నుంచి క్రోమ్, నేను లేని సైట్లన్నిటికీ ‘సురక్షితం కాదు’ అని ముద్ర వేసింది. ఇక దొంగలూ నన్ను తగిలించుకున్నారు. ‘తాళం ఉంటే భయం లేదు’ అన్న పాఠం అప్పటికే జనం మనసులో పాతుకుపోయింది. 2021లో గూగుల్ జరిపిన అధ్యయనంలో నా అర్థాన్ని సరిగ్గా చెప్పినవాళ్లు 11 శాతమే. 2023 సెప్టెంబరులో క్రోమ్ నన్ను తీసేసి, నా చోట సెట్టింగుల గుర్తు పెట్టింది. సరైన పనే చేసింది. అబద్ధపు ధైర్యం ఇవ్వడం కన్నా కనిపించకపోవడమే నయం.

నేనింకా ఉన్న బ్రౌజరు ఒకటి విజయవాడలో ఒకామె ఫోనులో ఉంది. దసరా ముందు ఫేస్‌బుక్‌లో గద్వాల పట్టుచీర ప్రకటన చూసి లోపలికి వచ్చింది. ధర 899 రూపాయలు. పట్టు, జరీ, మగ్గం మీద రోజుల తరబడి కూలి, ఇవన్నీ కలిపి ఆ ధరకు రావడం అసాధ్యం. పక్కనే ‘పన్నెండు నిమిషాలే’ అంటూ గడియారం. పేజీ మళ్లీ తెరిస్తే మళ్లీ పన్నెండే. ఆమె యూపీఐలో కట్టేసింది. మర్నాడు ఫోన్ వచ్చింది: “పార్సిల్ ఆగిపోయింది మేడమ్, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వెనక్కి వస్తుంది.”

కూతురు పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. “పెట్టెయ్యమ్మా ఫోను. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి.”

“తాళం ఉంది కదే!”

“తాళం కాదు, పేరు చూడు. కుడి నుంచి చదువు.”

అడ్రస్‌లో మొదట పేరున్న చీరల కొట్టు, తర్వాత చుక్క, తర్వాత ‘మెగాసేల్’, చివర ‘డాట్ షాప్’. https:// తర్వాత వచ్చే మొదటి గీటుకు (/) ముందుండే ఆ చివరి తోకను ఆనుకుని ఏ మాట ఉందో అదే అసలు యజమాని. ఇక్కడ యజమాని మెగాసేల్. చీరల కొట్టు పేరు ఉత్త ముసుగు. డొమైన్ల వివరాలు చూపే హూఈజ్‌లో కూతురు వెతికితే డొమైన్ నెల కూడా నిండనిది. పేజీలో మాత్రం పాతికేళ్ల నమ్మకం అని రాసి ఉంది! 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఉండాల్సిన చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు ఎక్కడా లేవు, ఉన్నది ఒక్క వాట్సాప్ నంబరే. యూపీఐ రసీదులో డబ్బు తీసుకున్నది ఎవరో వ్యక్తి, కొట్టు కాదు. కట్టేముందు ఆ పేరు తెర మీద కనిపించే ఉంటుంది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. ఖాతా నుంచి ఖాతాకు డబ్బు జారిపోయేలోపు చెబితే బ్యాంకు దాన్ని ఆపగలదు. ఎంత చిన్న మొత్తమైనా చెప్పాల్సిందే, ఆ ఖాతాలోకి ఇంకెందరి డబ్బు పడుతోందో! తర్వాత కూతురు కేంద్ర సైబర్ నేరాల పోర్టల్ అడ్రస్ చెప్పి, తల్లి చేతే కొట్టించింది. పేజీ తెరుచుకుంది, నేనూ కనిపించాను. తల్లి ఈసారి నా వైపు చూడలేదు. వేలు కుడి చివర పెట్టింది.

“డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంది. ఇది సర్కారువాళ్లకేనా ఇచ్చేది?”

“వాళ్లకే అమ్మా. రసీదు నంబరు చదువు, ఎక్కిస్తాను.”