మూడంకెల జాతకం

అప్పు అడిగినవాడి చరిత్ర బ్యాంకు చూస్తుంది. చూడాల్సిందే. కానీ తన డబ్బు తాను దాచుకుంటానని వచ్చినవాడి చరిత్ర కూడా తవ్వుతారా? తవ్వమని ఏ నిబంధనా చెప్పలేదు. అయినా తార్నాక చౌరస్తాలో టీ తాగుతూ ఉస్మానియా హాస్టళ్ల పిల్లల మాటలు వినండి. "నా సిబిల్ ఖరాబైంది, యాడికి పోయినా అకౌంట్ ఇయ్యరట" అని ఒకడంటాడు. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివేవాడు కూడా అవునని తలూపుతాడు.

ఈ జ్ఞానం వాళ్లకు ఎక్కడ అబ్బిందో తెలియాలంటే కౌంటరు దాకా పోవాలి. శాఖ పేరెందుకు లెండి. గమ్ము సీసా ఎండిపోయి ఉంటుంది, పెన్నుకు దారం ఉంటుంది గానీ దారానికి పెన్ను ఉండదు. నల్లగొండ జిల్లా ఆధార్ కార్డుతో ఒక పీజీ కుర్రాడు నిలబడ్డాడు.

"పాత అకౌంట్ ఏమైంది?"

"మైనస్‌ల పడ్డది సార్."

"ఎట్ల పడ్డది?"

"మినిమమ్ లేదని కట్ చేసుకుంట పోయిన్రు."

"అయితే ముందు అది క్లియర్ చేస్కో. సిబిల్ గూడ ఒకసారి చూస్కొని రా."

అక్కడితో దర్బారు ముగిసింది. వెనకున్నవాడు ముందుకు జరిగాడు. స్కాలర్‌షిప్పు పడే ఖాతాలో డబ్బు ఎందుకు లేదని అడిగిన నాథుడు లేడు. స్కాలర్‌షిప్పు పడలేదు, అందుకు లేదు!

మినిమమ్ బ్యాలెన్స్ లేదన్న జరిమానాతో సేవింగ్స్ ఖాతాను మైనస్‌లోకి నెట్టకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. 2015 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. స్కాలర్‌షిప్పుల కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాల్లో రెండేళ్లు లావాదేవీ జరగకపోయినా వాటికి 'ఇనాపరేటివ్' ముద్ర వేయొద్దని 2024లో మరో మాట చెప్పింది. ఇంతకీ మైనస్ రాసింది ఎవరు, సంజాయిషీ అడుగుతున్నది ఎవర్ని?

ఇక సిబిల్, అంటే క్రెడిట్ స్కోరు సంగతి. 300 నుంచి 900 దాకా ఉండే ఆ మూడంకెలు అప్పులకూ క్రెడిట్ కార్డులకూ సంబంధించినవి. పొదుపు ఖాతాలో మీరు ఎంత వేశారు, ఎంత తీశారు అన్నది సిబిల్ నివేదికలో ఉండనే ఉండదు. డబ్బు దాచుకోవడానికి వచ్చినవాణ్ణి సిబిల్ అడగడమంటే, కందిపప్పు కొనడానికి వచ్చినవాణ్ణి జాతకచక్రం తెమ్మన్నట్టు. అయినా మనవాడు బుద్ధిగా జాతకం చూపించుకోవడానికి వెళ్తాడు. అందులో శని ఎక్కడున్నాడో కూడా అందరికీ తెలిసిందే: ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక, కాలేజీ నుంచి సర్టిఫికెట్లు విడిపించుకోవడానికి చేసిన అప్పు, వారం రోజుల గడువుతో లోన్ యాప్ ఇచ్చిన మూడు వేలు. 2020 డిసెంబరులో ఆ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. ఆ వేధింపు మాత్రం ఎవరి చరిత్రలోకీ ఎక్కలేదు.

చరిత్ర అన్నారు కాబట్టి కాస్త చరిత్ర. నిజాం కాలంలో, 1941లో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న అది ఎస్‌బీఐలో కలిసిపోయింది. మినిమమ్ బ్యాలెన్స్ జరిమానాను ఎస్‌బీఐ తిరిగి మొదలెట్టింది కూడా సరిగ్గా ఆ రోజే. తేదీ చూసి నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు. ఆ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా జరిమానాల కింద వచ్చింది 1,771 కోట్లు. అదే ఏడాది జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఆ బ్యాంకు నికర లాభం 1,581 కోట్లు. ఖాతాలో డబ్బు లేనివాళ్ల దగ్గర ఇంత డబ్బుందని అర్థశాస్త్ర శాఖవాళ్లయినా ఊహించి ఉండరు. 2020 మార్చిలో ఆ జరిమానా ఎత్తేశారు, సంతోషం.

జన్‌ధన్ ముచ్చట ఇంకో రకం. జీరో బ్యాలెన్స్ ఖాతాలు మరీ ఎక్కువ కనబడుతున్నాయని కొన్ని శాఖల సిబ్బందే వాటిలో తలా ఒక రూపాయి వేశారని 2016లో పత్రికలు బయటపెట్టాయి. అంటే అవసరమైతే పేదవాడి చరిత్రను బ్యాంకే బాగుచేయగలదు, అదీ రూపాయి ఖర్చుతో.

మన హాస్టల్ పిల్లల్లో చాలామంది యూనివర్సిటీ లైబ్రరీలో కూచుని చదివేది బ్యాంకు ఉద్యోగాలకే. అక్కడా ఇదే జాతకం కాచుకుని ఉంది. ఎస్‌బీఐలో ఆఫీసరుగా ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని, సిబిల్ బాగాలేదని 2021లో రద్దు చేశారు. అప్పులు తీర్చేశానని ఆయన మొత్తుకున్నా, బ్యాంకు చేసింది సబబేనని 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు తేల్చింది. ప్రజల సొమ్ము ముట్టుకునేవాడికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలట. ఒప్పుకుందాం. ఉద్యోగం లేక అప్పు తీరదు, అప్పు తీరక ఉద్యోగం రాదు. ఈ చక్రంలోంచి బయటపడే దారి మాత్రం ఏ గైడులోనూ రాయలేదు.

మరి ప్రజల సొమ్ము ముట్టుకుని చేతులు కడుక్కున్నవాళ్లో? 2014-15 నుంచి పదేళ్లలో బ్యాంకులు రైటాఫ్ చేసిన మొత్తం సుమారు 12.3 లక్షల కోట్లని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఇది మాఫీ కాదు, లెక్కల పుస్తకంలోంచి తీసేయడమే, వసూలు సాగుతూనే ఉంటుంది అంటారు. నమ్ముదాం. కావాలనే ఎగ్గొట్టినవాళ్లతోనూ రాజీ కుదుర్చుకోవచ్చని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. వేల కోట్లయితే రాజీ బల్ల దగ్గర కుర్చీ వేస్తారు. మూడొందల మైనస్ అయితే కౌంటరు దగ్గర క్లాసు పీకుతారు.

కాబట్టి హాస్టల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఉత్త 'అకౌంట్ కావాలె' అని అడక్కండి. 'బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్' అని పేరు పెట్టి అడగండి. 2012 నుంచి ప్రతి బ్యాంకూ దీన్ని ఇవ్వాల్సిందే. మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. కేవైసీ కాగితాలు కావాలి, ఇంకే జాతకమూ వద్దు. అదే బ్యాంకులో వేరే సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. 'ఇవ్వం' అంటే, ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసిమ్మనండి. రాయకపోతే మీరే ఫిర్యాదు రాసి బ్యాంకులో ఇచ్చి రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఆ ఫిర్యాదుకు ఫీజు లేదు, మినిమమ్ బ్యాలెన్స్ అసలే లేదు.