వాపూ, బలుపూ

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోకెల్లా పెద్దదంటారు. సీజన్లో టిక్కీలనే మిర్చి బస్తాల వరుసల మధ్య నడిచే కొత్తవాడు నాలుగడుగులకే తుమ్ములు లంకించుకుంటాడు. తేజా రకం బస్తాలు విప్పుతున్న చోటయితే కళ్లు కూడా తెరవలేడు. ఇంత ఘాటును పీల్చి, ముద్దముద్దకీ మింగే సీమలో ఇప్పుడు రెండు మతాలు వెలిశాయి.

కారం కొవ్వు కరిగిస్తుందని ఒక మతం. కారమే ఒంట్లో మంట పెట్టి లావెక్కిస్తుందని ఇంకో మతం. మొదటివారు మిరప సారం గోలీలు అమ్ముతారు, రెండోవారు ఆ మంట చల్లార్చే డీటాక్స్ రసం. రెండు ప్రకటనలూ ఒకే ఫోనులోకి దిగుతాయి. భక్తుడు పొద్దున అదీ, రాత్రి ఇదీ పుచ్చుకుని ఉభయతారకంగా కాలం గడుపుతాడు.

మొదటి మాటే నిజమైతే ఒంగోలు నుంచి తెనాలి దాకా బొజ్జ అన్నది కనబడకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, పురుషుల్లో 31 శాతం అధిక బరువువారని తేల్చింది. సర్వేవాళ్లు మన గోంగూర పచ్చడి రుచి చూడలేదని సరిపెట్టుకుందామా? మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ వల్ల అదనంగా ఖర్చయ్యే శక్తి రోజుకు సుమారు 50 కిలోకేలరీలు. చెంచాడు నూనెలో దాదాపు అంతే ఉంటుంది. మిరపకాయ బజ్జీ బాణలిలోంచి పైకి తేలేలోపే ఆ లాభం హుళక్కి.

రెండో మతంవారు మంటను తప్పుచోట వెతుకుతున్నారు. నాలుక మండటం నరాల పని. ఆ మంటను పసిగట్టే గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఊబకాయం పెట్టే మంటకు ఘాటుండదు, తుమ్మూ రాదు. పొట్టలో కొవ్వు కణాలు ఉబ్బేకొద్దీ రక్షక కణాలు అక్కడికి చేరి డేరా వేస్తాయి, వాపు రసాయనాలు వదులుతాయి. లావెక్కిన ఎలుకల కొవ్వులోనే టీఎన్‌ఎఫ్ అనే అలాంటి రసాయనం తయారవుతోందని, అది ఇన్సులిన్ మాట చెల్లనివ్వదని 1993లో హోతమిస్లిగిల్, స్పీగెల్మన్ బృందం చూపించింది. వాపు చూసి బలుపనుకోవద్దన్నారు పెద్దలు. ఇక్కడ బలుపే వాపును కంటోంది.

బరువు తగ్గితే ఈ వాపూ తగ్గుతుంది, రక్తపరీక్షలో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ దిగుతుంది. అందుకు అన్నం కుప్ప చిన్నది కావాలి, నడక పెరగాలి. ఇందులో సీసాలో పోసి అమ్మడానికి సరుకేమీ లేదు గనక ప్రకటనలూ రావు. మనవాళ్లకు నడుము కొలత హద్దు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. గోలీ కొనబోయే ముందు దారిలో దర్జీ కొట్టు దగ్గర ఆగి టేపు అడగండి, డబ్బులు తీసుకోడు.